ఒంటి మీది బట్ట, కాళ్ల కింది నేల: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పక్కన పల్లె. నాన్న నల్లరేగడిలో ముప్పై ఏళ్లు పత్తి వేశారు, ఇప్పుడు అన్నయ్య వేస్తున్నాడు. నేను విజయవాడ వన్‌టౌన్‌లో నేత బట్టల కొట్టు నడుపుతున్నాను. పండించేవాళ్ల బాధ ఇంట్లో వింటాను, కొనేవాళ్ల సందేహాలు కొట్లో వింటాను. మధ్యలో ఉన్నవాళ్లకి రెండు వైపులా చెప్పాల్సిన బాధ్యత ఉంటుందని నా నమ్మకం. ఈమధ్య కొట్టుకి వచ్చేవాళ్లు, ముఖ్యంగా కాలేజీ పిల్లలు, "ఏ బట్ట కట్టుకుంటే నేలకి మంచిది?" అని అడుగుతున్నారు. వాళ్లకి నోటితో చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

బట్ట కొనేది కొట్లో. దానికి నేలతో ఏం పని?

పత్తి, జనుము, లినెన్ పొలంలో పండేవే. రేయాన్ చెట్ల తోటల్లోంచి వస్తుంది. పట్టు వెనక మల్బరీ తోట ఉంది, ఉన్ని వెనక గొర్రె మేసిన బీడు ఉంది. పాలిస్టర్ ఒక్కటే పొలంలో పుట్టదు, కానీ అది కూడా చివరికి చేరేది మట్టిలోకే. అన్నం విషయంలో ఇది ఏ ఊరి బియ్యం, కొత్తవా పాతవా, మందులు కొట్టారా అని అడుగుతాం. బట్ట దగ్గరికి వచ్చేసరికి రంగు, అంచు, ధర తప్ప ఇంకేమీ అడగం.

ఒక చీరకి ఎంత నేల కావాలి?

నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. మా వైపు వర్షాధారంగా ఎకరాకి 8 క్వింటాళ్ల పత్తి వచ్చిందనుకుందాం. జిన్నింగ్‌లో గింజ తీసేస్తే మూడో వంతు పైచిలుకు, అంటే సుమారు 270 కిలోల దూది మిగులుతుంది. వడకడంలో, నేయడంలో ఐదో వంతు తరుగు పోతే 215 కిలోల బట్ట. మంగళగిరి నూలు చీర ఒకటి దాదాపు 450 గ్రాములు తూగుతుందనుకుంటే, ఎకరాకి 480 చీరలు చిల్లర. ఎకరం 4,840 చదరపు గజాలు కాబట్టి చీరకి పది గజాల నేల పడుతుంది. ఒక చిన్న వంటగది అంత చోటు, ఆరు నెలల పాటు, మీ చీర కోసమే పనిచేసిందన్నమాట.

ఇదే లెక్కన చొక్కాకి నాలుగున్నర గజాలు, బరువైన జీన్స్ ప్యాంటుకి పదిహేను గజాల దాకా పడుతుంది. దిగుబడి తగ్గితే ఈ గజాలు పెరుగుతాయి. నేల నీరసించిపోతే అదే చొక్కాకి ఇంకాస్త ఎక్కువ నేల కావాలి. అందుకే భూసారం సంగతి ఒక్క రైతుకే వదిలేస్తే సరిపోదు.

ఆ చీరకి పట్టే పత్తి, గింజతో సహా, కిలోన్నర పైన. 2025-26కి పొడవు పింజ (పోగు పొడుగ్గా ఉండే) పత్తి మద్దతు ధర క్వింటాకి 8,110 రూపాయలు. అంటే మీరు రెండు వేలు పెట్టి కొన్న చీరలో పత్తి రైతు చేతికి వెళ్లేది 130, 140 రూపాయలు, అది కూడా మద్దతు ధర దక్కితేనే. ఈ అంకె కాస్త గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పని పడుతుంది.

పత్తి నేలని పీల్చేస్తుందంటారు. నిజమేనా?

సగం నిజం. ఈ ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబు చెప్పాలి.

దూది దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, నీళ్లు, ఎండ కలిసి తయారైన పదార్థం. నత్రజని, భాస్వరం లాంటివి దూదిలో ఉండేవి లెక్కలోకి రానంత తక్కువ, అవి ప్రధానంగా గింజలోకి వెళ్తాయి. గింజ నూనె మిల్లుకి వెళ్తుంది, నూనె తీశాక మిగిలిన చెక్క గేదెల దాణా అవుతుంది. ఆ పేడ మళ్లీ పొలానికి వస్తే లెక్క సరిపోతుంది. మా చిన్నప్పుడు దాదాపు అలాగే జరిగేది. ఇంట్లో నాలుగు గేదెలు, దొడ్లో పెంట కుప్ప, ఎండాకాలంలో బండ్ల మీద పొలానికి తోలకం. ఇప్పుడు మా ఊళ్లో పశువులున్న ఇళ్లు తగ్గిపోయాయి. గింజ వెళ్తోంది, పేడ రావడం లేదు. ఆ ఖాళీని యూరియా, డీఏపీ బస్తాలతో పూడుస్తున్నాం. బస్తా మందు మొక్కకి తిండి పెడుతుంది, కానీ మట్టిలోని జీవాలకి తిండి పెట్టదు.

ఇంకో నష్టం ఖాళీ నేల వల్ల. నల్లరేగడిలో పత్తి సాళ్ల మధ్య మూడడుగులు వదులుతారు. మొక్క మెల్లగా ఎదుగుతుంది. జూలై, ఆగస్టు వానలు కొట్టేటప్పటికి సాళ్ల మధ్య నేలంతా బోసిగా ఉంటుంది. గుంటక తోలి తోలి మెత్తబడిన పైమట్టి కాలవల్లోకి కొట్టుకుపోతుంది. ఒకసారి పెద్ద వాన వెలిశాక నాన్న నన్ను పొలం కింది గట్టుకి తీసుకెళ్లి, అక్కడ కాలవలో పేరుకున్న నల్లటి ఒండ్రుని దోసిలితో ఎత్తి చూపించారు. చేతిలో వెన్నలా జారిపోయింది. "ఇదంతా మన పైచేనుదే, ఎన్ని బస్తాలు కొంటే దీనికి సమానం?" అన్నారు.

మూడోది కట్టె తగలబెట్టడం. పత్తి తీత అయ్యాక ఎకరాకి టన్ను దాకా కట్టె మిగులుతుంది. ఒకప్పుడు పొయ్యిలోకి వాడేవాళ్లు. గ్యాస్ వచ్చాక పొలంలోనే కుప్పపోసి అగ్గిపుల్ల గీస్తున్నారు. నేలకి తిరిగి వెళ్లాల్సిన కర్బనం పొగైపోతోంది. భూసార పరీక్ష కాగితంలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువుంటే "తక్కువ" అని రాస్తారు. మా చుట్టుపక్కల చాలామంది రైతుల కాగితాల్లో ఆ గడి దగ్గర ఆ మాటే ఉంటుంది.

కాబట్టి నేలని పీల్చేది పత్తి మొక్క కాదు. ఏటా పత్తి మీద పత్తి వేసి, పశువుని వదిలేసి, కట్టె తగలబెట్టి, సాళ్ల మధ్య పచ్చని ఆకు లేకుండా సేద్యం చేసే మన పద్ధతి.

పురుగుమందుల సంగతి? బీటీ వచ్చాక తగ్గాయి కదా?

బీటీ అంటే కాయతొలుచు పురుగుల్ని చంపే జన్యువు పెట్టిన పత్తి విత్తనం. అది రాకముందు దేశంలో సాగు భూమిలో ఐదు శాతం ఉన్న పత్తి, వాడే పురుగుమందుల్లో దాదాపు సగం తాగేదని చెప్తారు. మా జిల్లాకి ఆ రోజులు గుర్తున్నాయి. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట పచ్చపురుగు పడిపోయింది, అందరూ సంతోషించారు. ఆ మందులకి అక్షింతల పురుగుల్లాంటి మిత్ర పురుగులు కూడా చచ్చాయి. దోమని తినేవి లేకపోయేసరికి తెల్లదోమ విరుచుకుపడింది. 1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి చేలు నల్లబడి జిగురు కారాయి. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ ఏడాదిని "దోమ ఏడు" అనే అంటారు.

2002లో బీటీకి అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. కాయతొలుచు పురుగుల మందు నిజంగానే తగ్గింది, కొన్నేళ్లపాటు. 2010కల్లా గులాబీ రంగు పురుగు మొదటి రకానికి లొంగడం లేదని గుజరాత్‌లో తేలింది. ఇంకో ఐదారేళ్లకి రెండో రకానికీ లొంగడం మానేసింది. రసం పీల్చే పచ్చదోమ, తామరపురుగులకి బీటీ ముందు నుంచీ పనిచేయదు. అందుకని మళ్లీ పంపులు భుజానికెక్కాయి.

నేల వైపు నుంచి చూస్తే నా బాధ ఇంకొకటి. ఇప్పుడు కలుపు తీసే కూలీ దొరక్క కలుపు మందు ధారాళంగా కొడుతున్నారు. గట్ల మీద గడ్డి కూడా మాడిపోతోంది. వేరు లేని గట్టు మొదటి వానకే జారిపోతుంది.

అసలు ఈ నేలలో ముందు ఏ పత్తి ఉండేది?

గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో "కోకనాడ" అనే పేరుతో ఎగుమతయ్యే దేశవాళీ పత్తి పండేది. దూది తెల్లగా కాకుండా లేత గోధుమ ఎరుపులో ఉండేది. వేరు లోతుకి దిగుతుంది, వాన లేకపోయినా తట్టుకుంటుంది, రసం పీల్చే పురుగులు దాని జోలికి పెద్దగా రావు. అయితే పింజ పొట్టి. చేత్తో వడికే రాట్నానికి సరిపోతుంది, వేగంగా తిరిగే మిల్లుకి నచ్చదు. మిల్లుకి పొడుగు పింజ కావాలి, అందుకని అమెరికన్ రకాలు వచ్చాయి.

జాతీయ జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య గారిని "పత్తి వెంకయ్య" అని కూడా పిలిచేవారని మీకు తెలుసా? ఆయన కంబోడియా రకం పత్తి మీద పరిశోధనలు చేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశానికి గాంధీ గారు వచ్చినప్పుడు జెండా నమూనా ఇచ్చింది ఆయనే. ఆ సమావేశంలోనే దేశమంతా 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించారు. జెండా, పత్తి, రాట్నం మూడూ ఒకే ఊళ్లో ఒకే రోజుల్లో కలిశాయి. వన్‌టౌన్‌లో కూర్చుని గాంధీ హిల్ వైపు చూసినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

పాలిస్టర్‌కి పొలమే అక్కర్లేదు. మరి అదే నేలకి మేలు కదా?

చాలా తెలివైన ప్రశ్న, తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ప్రపంచంలో తయారయ్యే పోగుల్లో సగానికి పైగా పాలిస్టరే, పత్తి ఐదో వంతు. అదంతా పత్తే అయ్యుంటే ఎన్ని కోట్ల ఎకరాలు తిండి పంటల నుంచి లాక్కోవాల్సి వచ్చేదో ఊహించండి.

కానీ పాలిస్టర్ ముడి చమురు నుంచి తీసే ప్లాస్టిక్. ఉతికినప్పుడల్లా కంటికి కనపడని పీచు రాలుతుంది. విజయవాడలో ఆ నీళ్లు ఎటు పోతాయో చూడండి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి మధ్య నుంచే డెల్టాకి వెళ్తున్నాయి. ఊరి మురుగు కొంత అందులో కలుస్తూనే ఉంది. ఆ కాలువల కింద వరి పండుతుంది. మట్టిలో పాలిస్టర్ పీచు చేరితే పలుకు కట్టే గుణం, నీళ్లు పట్టుకునే తీరు మారతాయని ప్రయోగాల్లో తేలింది. పత్తి పీచు రాలినా మట్టి తినేస్తుంది, పాలిస్టర్ పీచుని తినేవాడు మట్టిలో లేడు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్ వైపు సాయానికి వెళ్లాం. ఇళ్ల ముందు తడిసిన బట్టలు మనిషెత్తు గుట్టలు. రెండు నెలల తర్వాత ఇంకో పని మీద అటే వెళ్తే, బుడమేరు గట్టున తుమ్మ కొమ్మలకి సింథటిక్ చీర పేలికలు వేలాడుతున్నాయి. గులాబీ రంగు గులాబీగానే ఉంది, జరీ మెరుస్తూనే ఉంది. పక్కనే మట్టిలో కూరుకుపోయిన పాత నూలు పంచెని కాలితో కదిపితే పొడిపొడిగా చిరిగిపోయింది. ఆ రెండింటినీ పక్కపక్కన చూశాక నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదనిపించింది.

పత్తికి నీళ్లు విపరీతంగా కావాలంటారు. కిలోకి పది వేల లీటర్లట!

ప్రపంచ సగటున కిలో నూలు బట్టకి 10,000 లీటర్లు అనే లెక్క ఉంది. అయితే అందులో పొలం మీద పడిన వాన కూడా కలిసే ఉంటుంది. మన దేశంలో పత్తిలో ఎక్కువ భాగం వానాధారమే. మా పొలంలో పత్తికి పడే వాన, పత్తి లేకపోయినా పడేదే. బోరు నీళ్లతో పండిన పత్తికీ దీనికీ తేడా ఉంది. నీళ్ల అంకె చూసి పత్తి మానేసి పాలిస్టర్‌కి మారిపోవడం తొందరపాటు.

రేయాన్, విస్కోస్ చెట్ల నుంచి వస్తాయి కదా, అవి సహజమైనవే కదా?

మొదలు సహజం, మధ్యలో కాదు. చెట్టు గుజ్జుని కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ కలిపి కరిగించి, ఆమ్లపు తొట్టిలోకి పోగుగా తీస్తారు. ఫ్యాక్టరీ ఆ వాయువుల్ని, నీళ్లని పట్టుకుని శుభ్రం చేస్తే ఒక రకం, వదిలేస్తే చుట్టుపక్కల ఊళ్లకి ఇంకో రకం. లయోసెల్ అనే రకంలో వాడే ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టి మళ్లీ వాడతారు, అది నయం. రెండూ మట్టిలో కుళ్లిపోతాయి, ఆ మేరకు పాలిస్టర్ కంటే మంచివి.

నేల సంగతి మాత్రం చెట్టుని ఎక్కడ పెంచారన్నదాని మీద ఉంటుంది. గుజ్జు కోసం పెంచే జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. అవి ప్రధానంగా పేపర్ మిల్లులకి పోతాయి. సుబాబుల్, సరుగుడు గాలిలోని నత్రజనిని నేలకి పట్టించే జాతులు. జామాయిల్ అలా కాదు, వేర్లు తేమ కోసం దూరం వెళ్తాయి. పక్క చేను రైతు గొడవకి రావడం మీరు కూడా చూసే ఉంటారు. అడవి కొట్టి వేసిన తోట అయితే మాత్రం ఏ చెట్టయినా నష్టమే.

నేలకి నిజంగా మేలు చేసే నార ఏదైనా ఉందా?

ఉంది. ఇది రాసేటప్పుడు నాకు సంతోషంగా ఉంటుంది, ఎందుకంటే మన చుట్టూనే ఉంది.

జనుము. పప్పుజాతి మొక్క కాబట్టి వేరు బుడిపెల్లో నత్రజని నిల్వ చేస్తుంది. కృష్ణా డెల్టాలో వరి కోతలయ్యాక జనుము చల్లడం పాత అలవాటు. పశువులకి మేత, కలియదున్నితే పచ్చిరొట్ట ఎరువు. పూత ముదిరాక కాండం నుంచి నార తీస్తే తాళ్లు, గోతాలు. పసుపుపచ్చగా విరబూసిన జనుము చేను ఫిబ్రవరిలో తెనాలి దారిలో చూడండి, కళ్లు చల్లబడతాయి. ఒంటికి కట్టుకునే మెత్తని బట్టగా మాత్రం అది ఇంకా రాలేదు. సంచులు, పరుపు గలీబులు, కర్టెన్ల వరకు సరిపోతుంది.

గోగు. మన గోంగూర కుటుంబమే. ఆకు పచ్చడికి, కాండం నారకి. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగునార పండించారు. గుంటూరులో కూడా ఒకప్పుడు జూట్ మిల్లు నడిచేది. ప్లాస్టిక్ గోతాలు వచ్చాక ఆ నారకి గిరాకీ పోయింది.

అరటి నార. కొల్లూరు, కొల్లిపర లంకల్లో గెల కొట్టాక బోదెలన్నీ కాలవ గట్లకి చేరతాయి. వాటి నుంచి నార తీయొచ్చు, అదనంగా సెంటు భూమి కూడా అక్కర్లేదు. అయితే బోదెని ముక్కలు చేసి తోటలోనే వేస్తే పొటాష్ నేలకి తిరిగి వెళ్తుంది. నార తీసినవాళ్లు మిగిలిన గుజ్జుని తోటకే ఇవ్వాలి. లేకపోతే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

లినెన్ అవిసె గింజలు కాసే మొక్క కాండం నుంచి వస్తుంది. ఎక్కువగా ఫ్రాన్స్ లాంటి చల్లని దేశాల్లో పండుతుంది. మందులు, నీళ్లు తక్కువ. మన ఎండలకి ఒంటికి హాయిగా ఉంటుంది, పదేళ్లు కట్టొచ్చు. ఖరీదు ఎక్కువ.

పట్టు, ఉన్ని?

మల్బరీ ఏళ్లపాటు ఉండే మొక్క, ఏటా దున్నక్కర్లేదు. నేలకి మంచిదే. ఉన్ని మన కోస్తాలో పెద్దగా లేదు. నెల్లూరు జాతి గొర్రెకి ఉన్నే ఉండదు, వెంట్రుకలే. కానీ గొర్రెల మంద కట్టించుకోవడం మా వైపు ఇప్పటికీ ఉంది. కోత అయిన చేలో మందని రెండు మూడు రాత్రులు పడుకోబెడితే ఆ పెంటికలు, మూత్రానికి పై పంట నిగనిగలాడుతుంది. దానికి కాపర్లకి డబ్బులో, ధాన్యమో ఇస్తారు.

రంగుల వల్ల నేల పాడవుతుందా?

అవుతుంది, చాలాచోట్ల పోగు కంటే రంగే ఎక్కువ నష్టం చేస్తుంది. నూలుకి వేసే రియాక్టివ్ రంగులు పట్టడానికి కిలోలకొద్దీ ఉప్పు పోస్తారు. ఆ నీళ్లు శుద్ధి చేయకుండా వదిలితే పొలాలు చౌడు బారతాయి. తమిళనాడులో తిరుప్పూర్ దగ్గర నొయ్యల్ నది కింద ఇదే జరిగింది. 2011లో మద్రాస్ హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లని మూయించే దాకా వెళ్లింది.

నల్లరేగడిలో ఉప్పు చేరితే ఇంకా ప్రమాదం. ఆ బంకమట్టి సోడియం పట్టుకుంటే తడిస్తే జిగురు, ఎండితే రాయి. దున్నినా పలకదు.

పెడన కలంకారీలో వాడే కరక్కాయ, పటిక, మంజిష్ఠ, నీలి లాంటి పాత పద్ధతి రంగులు నయం. నీలి మొక్క కూడా పప్పుజాతిదే. రంగు తీశాక మిగిలిన ఆకు పొలానికి మంచి ఎరువు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: కలంకారీ అచ్చు ఉన్న ప్రతి బట్టకీ సహజ రంగులు వేసి ఉండరు. అడిగి కొనండి.

ఆర్గానిక్ అని రాసుంటే నమ్మొచ్చా?

పూర్తిగా నమ్మకండి, పూర్తిగా కొట్టిపారేయకండి. ఆర్గానిక్ పత్తి ఎక్కువగా పండే దేశం మనదే. 2020లో మన దేశం నుంచే 20,000 టన్నుల పత్తికి దొంగ ధ్రువపత్రాలు పుట్టాయని ఆర్గానిక్ బట్టకి ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ జీఓటీఎస్ బయటపెట్టింది. ఆ ముద్రలో కూడా రెండు అంతస్తులున్నాయి: "ఆర్గానిక్" అంటే కనీసం 95 శాతం, "ఆర్గానిక్‌తో చేసినది" అంటే కనీసం 70 శాతం.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. బయట ఊరి వ్యాపారి ఒకాయన ఆర్గానిక్ నూలు అని కాగితం చూపించి నాలుగు తాన్లు అంటగట్టాడు. ఇంటికొచ్చి దారం లాగి కాల్చి చూస్తే కొసన నల్లటి పూస కట్టింది. సగం పాలిస్టర్. ఆ తాన్లు అమ్మడానికి మనసొప్పలేదు, నష్టానికి తిప్పి పంపాను.

అప్పటి నుంచి కాగితం కంటే అగ్గిపుల్లని ఎక్కువ నమ్ముతున్నాను. కుచ్చిళ్ల వైపు నుంచి అడ్డం ఒక దారం, నిలువు ఒక దారం లాగండి. నూలు, రేయాన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద రాలుస్తాయి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుని గట్టి పూస అవుతుంది. పోగు ఏదో దీంతో తెలుస్తుంది. పొలంలో మందు కొట్టారో లేదో మాత్రం తెలియదు.

మంగళగిరి చీర కొంటే మన పత్తి రైతు నేల బాగుపడుతుందా?

నేతగాడికి కూలి వస్తుంది, అది చాలా విలువైన సంగతి. గుంట మగ్గానికి కరెంటు కూడా అక్కర్లేదు. కానీ నిజం చెప్పాలి: ఆ చీరలో వాడే సన్నని నూలు ఎక్కువగా కోయంబత్తూరు వైపు మిల్లుల నుంచి వస్తుంది. ఆ మిల్లుకి పత్తి ఏ రాష్ట్రం నుంచి వెళ్లిందో మాకూ తెలియదు. ప్రత్తిపాడు నుంచి మంగళగిరి పెద్ద దూరమేం కాదు. అయినా మా చేలో పత్తి మంగళగిరి మగ్గం మీదికి నేరుగా చేరే దారి లేదు. మధ్యలో చిన్న జిన్నింగ్, చిన్న వడుకు మిల్లు ఉంటే ఏ ఊరి పత్తి ఏ చీరైందో చెప్పగలం. అది నా కల.

రైతు పద్ధతి మార్చుకోవచ్చు కదా?

మా అన్నయ్య సొంతం నాలుగెకరాలు, కౌలు ఆరెకరాలు చేస్తాడు. సొంత చేలో పశువుల ఎరువు తోలతాడు, కౌలు చేలో తోలడు. ఎందుకని అడిగితే, "వచ్చే ఏడు ఆ చేను నాదో కాదో తెలీదు. ఎరువు ఫలితం మూడేళ్లు ఉంటుంది, కౌలు ఏడాదే ఉంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాటలో మన జిల్లా నేల జబ్బంతా ఉంది. కౌలు ఎక్కువేళ్లకి రాసివ్వగలిగే భూయజమానులు ఇది చదువుతుంటే, దయచేసి ఆలోచించండి. కొన్న చీరలో రైతుకి 130 రూపాయలు వెళ్తుంటే, అందులోంచే కౌలు, విత్తనం, కూలీ, మందు పోవాలి. నేల కోసం తీసిపెట్టడానికి ఏం మిగులుతుంది?

మార్పు లేదని కాదు. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి చేయిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో, తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లించడం నాకు నచ్చింది. జీలుగ, పిల్లిపెసర, అలసంద, జొన్న, సజ్జ కలిపి చల్లితే పత్తి వేసేలోపు నేల మీద ఆకు దుప్పటి ఉంటుంది. పత్తి సాళ్ల మధ్య మినుమో పెసరో, ఎనిమిది సాళ్లకొక కంది సాలో వేస్తే ఖాళీ నేల తగ్గుతుంది. కట్టెని ట్రాక్టర్ ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి కలియదున్నొచ్చు. డిసెంబర్ తర్వాత పత్తిని పొడిగించకుండా పీకేస్తే గులాబీ పురుగూ తగ్గుతుంది.

నేల బతికుందో లేదో మామూలు మనిషి తెలుసుకోగలడా?

ఒక నూలు గుడ్డ చాలు. పోయిన జూలైలో ఒకే కోరా తాను నుంచి జానెడు చదరాలు రెండు కోసి, అంచులు మిషన్ మీద కుట్టి, ఒకటి ఏటా పత్తే వేసి కట్టె తగలబెట్టే కౌలు చేలో, ఒకటి మూడేళ్లుగా నవధాన్యాలు చల్లుతున్న మూల చెక్కలో జానెడు లోతున పాతిపెట్టాం. అరవై రోజుల తర్వాత అన్నయ్య, నేను తవ్వాం. కౌలు చేను గుడ్డ మరకలు పట్టి, అక్కడక్కడా చిల్లులు పడి బయటికొచ్చింది. ఉతికితే బల్ల తుడవడానికి పనికొచ్చేలా ఉంది. రెండో చోట ఎంత వెతికినా గుడ్డ కనపడలేదు. చివరికి వేళ్లకి ఒక దారం తగిలింది. మెల్లగా లాగితే చతురస్రంగా కుట్టు మాత్రమే వచ్చింది, మధ్యలో ఏమీ లేదు. అంచు కుట్టింది పాలిస్టర్ దారంతో. గుడ్డని మట్టిలోని బూజులు, సూక్ష్మజీవులు తినేశాయి, కుట్టు దారాన్ని ముట్టలేదు. అన్నయ్య ఆ కుట్టుని ట్రాక్టర్ అద్దానికి వేలాడదీశాడు, ఇప్పటికీ ఉంది.

ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, తేమ తేడా ఉన్నా ఫలితం మారుతుంది. సరైన లెక్క కావాలంటే మట్టి నమూనా భూసార పరీక్షకి ఇవ్వండి.

పాత నూలు బట్టలు ఏం చేయాలి?

ముందు బొంత కుట్టించండి, తర్వాత మసిగుడ్డ చేయండి. ఇంక దేనికీ పనికిరాదనుకున్నాక గుండీలు, హుక్కులు, ఎలాస్టిక్, అంచు కుట్లు కత్తిరించేసి అరచేతి అంత ముక్కలు చేసి కంపోస్టు తొట్టిలో ఎండుటాకులతో పాటు వేయండి. తడి ఆరకుండా చూస్తే కొన్ని నెలల్లో కలిసిపోతుంది. జరీ ఉన్న చీర, మెరుపు ప్రింటు వేసిన టీషర్టు వేయకండి.

బీరువా నిండా పాలిస్టరే ఉంది. పారేయాలా?

వద్దు. కొన్నది కొన్నాం, దాని నష్టంలో చాలా భాగం తయారీలోనే అయిపోయింది. చిరిగేదాకా కట్టుకోండి. పారేసి కొత్త నూలు చీరలు కొంటే ఇంకో పది గజాల నేల, ఇంకో పది గజాల నేల అడిగినట్టే. మెషిన్ నిండా బట్టలు వేసి, చల్లటి నీళ్లతో, తక్కువసేపు తిప్పండి. పీచు తక్కువ రాలుతుంది. కాల్చి మాత్రం వదిలించుకోకండి, ఆ పొగ మంచిది కాదు. మెషిన్ ఫిల్టర్‌లో చేరిన బూజులాంటి పీచుని సింకులో కడిగేయకుండా, ఆరబెట్టి పొడిచెత్త బుట్టలో వేయండి.